ఊకకుప్ప మీది మద్దిలేటి

మద్దిలేటి అని ఒగడుండె. ఓబుళమ్మ బొరుగుల బట్టీలో ఉండె. ఉండె అంటి గానీ పని చేస్తాండె అంటినా? తొందరపడాకండి. పొద్దన్నే బట్టీకి అందరికన్నా ముందొచ్చేది వాడే, ఆ మాట మాత్రం ఒప్పుకోవాల. ఏంటికొస్తాడంటే, ముందురోజు మంట వేడికి బట్టీ పక్కన ఊకకుప్ప ఇంగా ఎచ్చగా ఉంటాది, దాని మీద కూర్చునేకి. కూర్చుని కూర్చుని ఆ కుప్పలో వాని పిర్రలంత గుంట పడిపోయిందంట. ఆ గుంటలో ఇంగొకరు కూర్చుంటే కుదిరేది కాదంట. తలకు తువ్వాల చుట్టుకుంటాడు. అది సరిగ్గా రాలేదని ఇప్పి, దులిపి, మళ్లా చుట్టుకుంటాడు. చేతికి జల్లెడిస్తే ఒగసారి అటు ఆడిస్తాడు, ఆకాశం దిక్కు చూస్తాడు, మబ్బు పట్టిందా లేదా అని ఆలోచన చేస్తాడు, ఒగసారి ఇటు ఆడిస్తాడు. ఏం సారూ, ఇదంతా రాసుకుంటాండావా? రాసుకో, రాసుకో. ఆ తువ్వాల సంగతి మాత్రం ఇడిసిపెట్టాకు. ఏమే, వస్తాండా ఉండు! కథ మధ్యలో ఉండా, కనపల్లేదా? మా ముసిల్దిలే, సంకటికి ఎసరు పెట్టింది. పెట్టనీ. మీరు ఇనండి.

బొరుగుల బట్టీ ఎట్లుంటాదో మీలో చూసినోళ్లు ఎంతమందో నాకు తెల్దు. ప్యాకెట్టు చించి తినేది తెల్సు మీకు. బట్టీకి మధ్యలో మనిషెత్తు మట్టి గోడ. గోడకు ఈ పక్క మంగలం, అంటే ఇసక పోసిన పెద్ద బాన అనుకో. ఆ ఇసక బాగా కాగి ఉండాల. ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టిన బియ్యం దాంట్లో పోసి, ఈనెల కట్టతో బిరబిరా కెలికితే పటపటమని పొంగి తెల్లగా లేస్తాయి. ఈ కెలికే మనిషి సుంకులమ్మ. గోడకు ఆ పక్క పొయ్యి నోరు. దాంట్లోకి పిడికెడు పిడికెడు ఊక చల్లేది ఉసేనయ్య. ఇప్పుడు చూడండి, సుంకులమ్మకు మంట కనపడదు, ఉసేనయ్యకు మంగలం కనపడదు. ఇసక చల్లబడితే బియ్యం బియ్యంగానే ఉంటాయి, ఎక్కువ కాగితే బొగ్గైపోతాయి. వేంచిన బొరుగులు ఇంగొకరు జల్లెడ పట్టి ఇసక రాల్చాల. ఆ ఇంగొకరే మన మహారాజు.

సుంకులమ్మ నోరు మంచిది కాదు. మనసు మంచిదే, నోరే. ఆ మంట కాడ పొద్దంతా నిలబడినోళ్లకు నోరు తియ్యగా యాడుంటాది చెప్పండి. మొదటి వాయి పోస్తానే మొదలు పెడతాదంట, ‘ఒరే మద్దిలేటీ, నీ దుంపదెగ, నీ చేతులకు చెదలు పట్టినాయేమిరా, జల్లెడకు నొప్పేస్తాదని మెల్లగా ఆడిస్తాండావా, కదలరా పీనుగా’ అని, తిట్టుకొక కెలుకుడు, కెలుకుడుకొక తిట్టు. నోరెంత బిరీన తిరిగితే చెయ్యంత బిరీన తిరుగుతాది. గోడవతల నుంచి ఉసేనయ్య, ‘ఇంగో నాలుగు ఎయ్యి చెల్లే, వానికి ఆన్లేదు, చాల్లేదు’ అని నవ్వి ఊక చల్లుతాడు. మద్దిలేటి ఏమంటాడు? ‘నిజమే అక్కా’ అంటాడు. ‘నీయట్లాంటి సోమరిపోతు ఈ సీమలో ఇంగొకడుండాడారా’ అంటే, ‘లేడక్కా, నేను గూడా చూసినా’ అంటాడు. కోపం రాదు, మొగం ముడుచుకోడు. రోన్ని నీళ్లు తాగి మళ్లా గుంటలో కూర్చుంటాడు. వాడట్ల ఒప్పుకునే కొద్దీ సుంకులమ్మకు ఇంగా మండుతాది, మండే కొద్దీ చెయ్యి ఇంగా తిరుగుతాది. ఈ మాట మతికి పెట్టుకోండి, మళ్లా పనికొస్తాది.

ఇంగ ఓబుళమ్మ. మొగుడు పోయినాక బట్టీని ఆమె నెత్తినేసుకునింది. గయ్యాళీ గాదు, మెత్తనా గాదు. ఆమెకుండే దిగులంతా ఒగటే, చౌడమ్మ తిరునాల. తిరునాల పొద్దు అమ్మవారి బండి నిండా బొరుగులు పొయ్యాల, దావ పొడుగునా జనాలకు చల్లుకుంటా పోవాల. బండి కదిలేముందు బట్టీలో ఎక్కువ కష్టపడిన మనిషికి మొదటి దోసెడు ఒళ్లో పోస్తారు. అది ప్రతి ఏడూ సుంకులమ్మకే, ఇంగెవురికి పోస్తారు? ఆ బండికి బొరుగులు పోసే హక్కు ఓబుళమ్మ అత్తగారి కాలం నుంచీ ఈ బట్టీదే. ఎవురి బొరుగులు బండెక్కుతాయో వాళ్ల కాడనే చుట్టుపక్కల పల్లెలన్నీ సంవత్సరం పొడుగునా కొంటాయి. ఒగ్గ ఏడు బండికి తక్కువ పడినా, మంచివి గాకపోయినా, ఆ హక్కు ఏటవతల ఒడ్డునుండే బట్టీకి పోతాది. ఆ బట్టీవాడు కాచుకోనుండాడు. హక్కు పోయిందంటే ఈ బట్టీ ఆరిపోయినట్లే, ఓబుళమ్మకు అది తప్ప ఇంగొక బతుకు తెల్దు. ఆ ఏడు తిరునాల దగ్గరికొస్తాంది. బొరుగుల కుప్ప చూస్తే చిన్నది, ఊకకుప్ప మీద మద్దిలేటిని చూస్తే నిండుగా ఉండాడు.

ముందు మంచిగా చెప్పి చూసింది. ‘ఒరే నాయనా, మా పుట్టినూరి పిల్లోడివని తెచ్చి పెట్టుకుంటి, నలుగురిలో నా మొగం చూసన్నా రోంత చెయ్యి కదిలియ్యకూడదా’ అనింది. ‘నిజమే అక్కా’ అన్నాడు, కండ్లల్లో నీళ్లు గూడా పెట్టుకున్నాడంట. పెట్టుకొని, మనసు బాగలేదని ఆ పొద్దంతా పండుకున్నాడంట. సరే, కష్టమైన పనిలో పెడితే దావకొస్తాడని మంగలం కాడ నిలబెట్టింది. ఏమైందంటే, వీడు మబ్బు దిక్కు చూసి మంగలం దిక్కు తిరిగేలోపల వాయి వాయే బొగ్గు. సరే, అసలు పనే ఇయ్యకుంటే సిగ్గన్నా వస్తాదేమో అని, ‘నువ్వేం ముట్టుకోవద్దు, ఊరికే కూర్చో’ అనింది. అయ్యో రామ! వాని మొగంలో అంత వెలుగు పెండ్లి పొద్దు గూడా లేదంట. నవ్వాకరా కాశన్నా, నీ పండ్లు తర్వాత చూపిద్దువు.

ఇంగ లాభం లేదని ఒగ పొద్దు మాపటేల ఓబుళమ్మ చేటెడు బొరుగులు తెచ్చి వాని ఒళ్లో పోసింది. బట్టీలో ఆచారమది. మనిషిని రేపట్నుంచి రావద్దని పంపేటప్పుడు ఒట్టి చేతులతో పంపరు. అవి ఒళ్లో పడినాయంటే ఇంగ నోటితో చెప్పే పనిలేదు. మద్దిలేటి ఆ బొరుగుల దిక్కు చూసినాడు. ‘నిజమే అక్కా’ అన్నాడు. ఈసారి నవ్వలా. తువ్వాల్లో మూట కట్టుకొని ఎనక్కి చూడకుండా పోయినాడు. వాడంత బిరీన నడిచేది అంతకుముందు ఎవురూ చూడలేదంట. ఓబుళమ్మకు ఒగ పక్క బరువు దిగినట్లుండె, ఇంగో పక్క ఆ పూట అన్నం సయించలా.

వాని బదులు గిడ్డయ్య అని ఒగన్ని పెట్టుకున్యారు. గిడ్డయ్యకు మాటల్లేవు, చేతలే. జల్లెడ పట్టుకున్నాడంటే దింపడు. మబ్బు పట్టనీ, పిడుగు పడనీ, తల ఎత్తడు. ఓబుళమ్మ సంబరపడిపాయ. ఆ సంబరం ఎంతసేపు? సుంకులమ్మ మొదటి వాయి పోసి, అలవాటు కొద్దీ ‘ఒరే’ అని నోరు తెరిచింది. తెరిచి చూస్తే ఆడ తిట్టేకి ఏముంది? జల్లెడ గిరగిరా తిరుగుతాంది. నోరు మూసుకునింది. కొంచేపు ఉగ్గబట్టుకొని, ఇంగ ఆపుకోలేక, ‘ఒరే గిడ్డా, నీ చేతులకు చెదలు...’ అనిందో లేదో, గిడ్డయ్య జల్లెడ కింద పెట్టినాడు. ‘నేనేం తక్కువ చేసినా అక్కా? చూపియ్యి. చూపిచ్చి తిట్టు’ అన్నాడు. ఏం చూపిస్తాది? మరి నోట్లోకొచ్చిన తిట్టు యాడికి పోవాల? గోడ దాటి పోయింది. ‘ఉసేనన్నా, నువ్వన్నా ఊక సక్కగా ఎయ్యకూడదా, నిద్రపోతాండావా’ అనింది. ఉసేనయ్య పెద్దాయన, ఆయన్ను అంతకుముందు ఒగ్గ మాట అనిండలేదు. ఆయన మనసు చివుక్కుమనింది. ‘ఇన్నేండ్లు నీ మంగలం కింద మంట పెట్టినా, ఇప్పుడు నిద్రపోతాండానా’ అని ఆ పొద్దుతో నోరు కట్టేసినాడు. పిలిస్తే పలకడు. ఈమె తక్కువదా? ‘నేనేంటికి పిలవాల’ అని ఈమె గూడా మూతి ముడుచుకునింది.

అప్పుడు మొదలాయ తంటా. గోడకు ఈ పక్క మాట లేదు, ఆ పక్క మాట లేదు. ఓబుళమ్మ మధ్యలో నిలబడుకొని, ‘ఊక ఎయ్యమంటాంది అన్నా’, ‘ఏసినా అంటాండాడు సుంకులమ్మా’ అని అటూ ఇటూ మాటలు మోసేది. ఆ మాట గోడ దాటేలోపల వాయి మాడిపాయ. ఒగ వాయి పచ్చి, ఒగ వాయి బొగ్గు. గిడ్డయ్య పాపం ఆ బొగ్గునే శుభ్రంగా జల్లెడ పట్టి కుప్ప పోస్తాండాడు, వాని పనికి వంక పెట్టేకి లేదు. బొరుగులు కొనుక్కపోయిన ముసలామె ఒగామె తిరిగొచ్చి, ‘ఓబుళమ్మా, నాకుండేది ఒగ్గ పన్ను, అది గూడా నీ కండ్లల్లో పడిందా’ అని గంప ఆమె ముందరే కుమ్మరిచ్చి పాయ. కడాకు గిడ్డయ్య గూడా, ‘ఈడ మనుషులకు ఒగరంటే ఒగరికి పడదు, నేనుండను’ అని లేచినాడు. చేటెడు బొరుగులు పొయ్యబోతే, ‘అవి మీరే తినండి’ అన్నాడంట. తిరునాల నెత్తి మీదికొచ్చింది. ఆరిన మంగలం ముందర కూర్చుని ఓబుళమ్మ, ‘తల్లీ చౌడమ్మా, మా అత్త చేతులమీద పెరిగిన బట్టీ, నా చేతులమీదనే పోతాందా’ అని ఏడ్చింది. ఏడవకేం చేస్తాది?

జల్లెడ పట్టేకి మనిషి కావాల కదా. తిరునాల ముందర ఎవుర్నడిగినా ఖాళీ లేదంటాండారు. గతిలేక మద్దిలేటి ఇంటికి పోయింది. పోయి చూస్తే, వాని పెండ్లాం చెంచమ్మ ఇంటి ముందర కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తాంది. వీడు గడప మీద కూర్చుని మబ్బు దిక్కు చూస్తాండాడు. ‘బొరుగుల బట్టీలో గూడా నిన్ను పెట్టుకోలేక పాయిరే, నిన్ను కట్టుకునేనాటికి నా కండ్లేమైనాయో’ అంటాది చెంచమ్మ, ఒగ కాయ పట్మంటాది. ‘నీ అమ్మ నిన్ను కనిందా, ఊకలో దొర్లిచ్చిందా’ అంటాది, ఇంగో కాయ పట్మంటాది. తిట్టు ఆగితే చెయ్యి ఆగుతాది. ‘నిజమే చెంచీ’ అంటాడు వీడు, మళ్లా ఆమెకు మండి చెయ్యి ఆడుతాది. చూస్తాండంగనే చాట నిండిపాయ.

ఓబుళమ్మ దావలోనే నిలబడిపోయింది. ఆమె కండ్ల ముందరికి బట్టీ వచ్చింది. సుంకులమ్మ వీన్ని తిడతాంటే గోడవతల ఉసేనయ్య ఆ గొంతు వినే కదా మంట పెడతాండె! గొంతు లేచిందంటే బియ్యం పొంగుతాండాయని ఊక ఆపుతాండె, గొంతు దిగిందంటే ఇసక చల్లబడిందని ఇంగో పిడికెడు చల్లుతాండె. ఎవురూ నేర్పలా, ఆ ఇద్దరికి గూడా తెల్దు. మంగలానికీ పొయ్యికీ మధ్యన మాట మోసింది వీని మీద పడిన తిట్లే. ఆ తిట్లను చేటెడు బొరుగులు పోసి నేనే పంపిస్తినే అని ఓబుళమ్మ నెత్తి కొట్టుకునింది.

‘మద్దిలేటీ, బట్టీకి రారా నాయనా’ అనింది. వాడు నోరు తెరిచేలోపల చెంచమ్మ, ‘రోంతసేపు ఆగక్కా, ఈ కాయలు అయిపోనీ, వీడు ఎదురుగా లేకుంటే నాకు చెయ్యాడదు’ అనింది. చూసినారా, ఆమెకు ముందే తెల్సు! పెండ్లాలకు అన్నీ తెల్సు లేప్పా. ఇంగ మద్దిలేటి లేచి నిలబడినాడు. ‘వస్తా అక్కా. కానీ ఈసారి పని చేస్తా. నువ్వు ఒళ్లో బొరుగులు పోసినాక నాకు బుద్ధొచ్చింది. ఇంగ మీదట ఎవురి చేతా ఒగ మాట పడను’ అన్నాడు. ఇంగ ఓబుళమ్మ ఏమనాల? పని చెయ్యరా, పని చెయ్యరా అని ఇన్నాళ్లు మొత్తుకున్న నోటితో, వద్దురా నాయనా అని ఎట్ల చెప్తాది?

మరుసటి దినం తిరునాల అనంగా పొద్దన్నే వచ్చినాడు. ఊకకుప్ప దిక్కు గూడా చూడలా. తువ్వాల ఒగ్గసారికే చుట్టినాడు. జల్లెడ పట్టుకొని ఆడిస్తాండాడు చూడు, గిడ్డయ్య గూడా ఎందుకూ పనికిరాడు. సుంకులమ్మ నోరు తెరిచింది, చూసింది, మూసుకునింది. గోడవతల ఉసేనయ్య గమ్మునుండాడు. వాయి బొగ్గాయ. ఇంగో వాయి పచ్చి. మద్దిలేటి మాత్రం చెమటలు కార్చుకుంటా ఆడిస్తానే ఉండాడు. ఓబుళమ్మకు ఇంగ తట్టుకునేకి కాలా. వాని చెయ్యి పట్టుకొని ఉప్పునీళ్ల బాన కాడికి లాక్కపోయి ఉండేది ఉన్నట్ల చెప్పేసింది. ‘నాయనా, నువ్వు పని చేస్తే బట్టీ ఆరిపోతాది. నిన్ను తిడతాంటేనే వాళ్లిద్దరి పని కలుస్తాది. నీ కాళ్లు మొక్కుతా, పోయి ఆ గుంటలో కూర్చోరా’ అని గట్టిగా ఏడ్చేసింది.

మద్దిలేటి మొగం మీది చెమట తుడుచుకున్నాడు. తర్వాత, ‘నాకు కడుపులో బాధ ఉండదనుకున్యారా అక్కా? నిజమే నిజమే అంటాంటి గానీ, ఒగో మాట నా ఎంటనే ఇంటిదాకా వస్తాండె’ అన్నాడు. ఓబుళమ్మ, ‘తప్పు నాదేరా. నువ్వు ఊరికే కూర్చున్యావనుకుంటి. ఆ మంట కాడ పుట్టిన కోపమంతా ఒగ్గనివే మింగి, మళ్లా నవ్వేది నాతో గాదు, గిడ్డయ్యతో గాదు, ఎవురితో గాదు’ అనింది. వాడు మబ్బు దిక్కు చూసినాడు. ‘అయితే ఇది గూడా పనేనా అక్కా?’ అన్నాడు. ‘పనేరా.’ ‘అందరి పని లెక్కనే?’ ‘అందరి పని లెక్కనే.’ ‘సరే అయితే. పనంటే చెయ్యనని ఎప్పుడన్నా అంటినా’ అని జల్లెడ ఓబుళమ్మ చేతిలోనే పెట్టినాడు. ఇంగ ఏం చేస్తాది, ఆమే కొంగు బిగిచ్చి జల్లెడ పట్టుకునింది.

మద్దిలేటి పోయినాడు. తువ్వాల ఇప్పినాడు, దులిపినాడు, మళ్లా చుట్టుకున్నాడు. గుంటలో సర్దుకొని కూర్చుని కాళ్లు బార్లా చాపినాడు. చాపి, ‘సుంకులక్కా, చానా అలిసిపోయినా, రోన్ని చల్లనీళ్లు తెచ్చిస్తావా’ అన్నాడు. అంతే! ఇన్నాళ్లు కడుపులో దాచి పెట్టుకునిందంతా పైకొచ్చింది సుంకులమ్మకు. ‘నీ మొగం మన్నుబడ, నీ ఒళ్లు ఊక గాను, వచ్చి వచ్చి నాతో నీళ్లు మోయిస్తావురా పీనుగా’ అని మొదలుపెట్టి ఈనెల కట్ట ఆడిస్తాంటే మంగలం పటపటపటమని లేచింది. గోడవతల ఏందో శబ్దం. చూస్తే ఉసేనయ్య నవ్వు. ‘ఇంగో నాలుగు ఎయ్యి చెల్లే, వానికి ఆన్లేదు’ అన్నాడు. ఆ మాట వినంగనే సుంకులమ్మకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయంట, పొగ అని కొంగుతో తుడుచుకునింది. ఇంగ వాయి మీద వాయి, మల్లెపూలట్ల. మద్దిలేటి ఊరికే ఉండాడనుకుంటిరా? సుంకులమ్మ గొంతు రోంత దిగిందంటే వీడు ఆవలిస్తాడు. ఇంగా దిగిందంటే పండుకునేకి చూస్తాడు. మళ్లా గొంతు లేస్తాది. మాపటికి కుప్ప మనిషెత్తు లేచింది, ఊకకుప్ప మీద కూర్చున్నోనికి గూడా చెమటలు కారిపోతాండాయి.

తిరునాల పొద్దు బండి నిండింది. ఏటవతల బట్టీవాడు చూసి గమ్మున తల దించుకొని పాయ. ఇంగ బండి కదలాల, మొదటి దోసెడు పొయ్యాల. సుంకులమ్మ కొంగు పడతాదని అందరూ ఆమె దిక్కే చూస్తాండారు. ఓబుళమ్మ దోసెడు బొరుగులు తీసుకొని ఆమెను దాటుకొని, జనాల ఎనక చక్రానికానుకొని కూర్చున్న మద్దిలేటి కాడికి పోయింది. వాడు బొరుగులు చూసినాడు. మొగం తెల్లగా పాలిపాయ. లేచి నిలబడి, ‘మళ్లా పంపిస్తాండావా అక్కా? నేను సరిగ్గానే కూర్చుంటినే’ అన్నాడు. ఎనక నుంచి సుంకులమ్మ గట్టిగా అరిచింది, ‘పంపేకి గాదురా పీనుగా, ఒళ్లు పట్టరా, నా దోసెడు ఈ ఏడు నీకిస్తాండా’ అని. వాడు తువ్వాల పట్టినాడు. బొరుగులు పడినాయి. చౌడమ్మకు మొక్కినాడు, సుంకులమ్మకు మొక్కినాడు. మొక్కి, తువ్వాల మూట కట్టి, చుట్టూ అందరి దిక్కు చూసి, ‘ఇంటిదాకా ఎవురన్నా మోసుకొస్తారా?’ అన్నాడంట.

అయిపాయ, ఇంగ లేండి. ఏం సారూ, పెన్ను పట్టుకొని నా మొగం దిక్కు చూస్తాండావు? నీతి గీతి నాకేం తెల్దు. ష్, రోంత చెవి పెట్టి ఇను. వినపడతాందా లోపల? ‘పొద్దుగుంకిన కాడ్నుంచి అరుగు మీద కూర్చుని నోరు అరగదీస్తాండాడు, కట్టెపుల్ల తెచ్చిచ్చిన పాపాన పోలా, వీనికి నేను సంకటి కెలికి పొయ్యాల’ అంటాంది, అనుకుంటా తెడ్డు ఎట్ల తిప్పుతాందో ఇను. కట్టెలు ఇప్పుడు తెచ్చిస్తే ఆమె నోరు ఆగుతాది, నోరు ఆగితే చెయ్యి ఆగుతాది, సంకటి ఉండలు కడతాది. నిజమేలేవే! వస్తాండా! ఉండి తిని పోండయ్యా అందరూ, ఈ పొద్దు సంకటి బాగుంటాది.